బడి పెట్టిన భోజనము: ఇంగ్లండులో ఒక వంటకపు చరిత్ర



ఇంగ్లండు దేశమున నేడు అరువది, డెబ్బది, ఎనుబది యేండ్లు దాటిన వృద్ధులలో చాలమందికి ఒక కోరిక కలదు. చిన్ననాట బడిలో మధ్యాహ్నవేళ తాము తిన్న మాంసపు వంటకమొకటి మరల ఒక్కసారి ఇంట వండుకొని తినవలెనని వారి ఆశ. దానికై వారు పాత వంటపుస్తకములు వెదకుదురు. నాటి బడి వంటశాలలో పనిచేసిన ముదుసలి స్త్రీలెవరైన కనబడినచో వారి నడుగుదురు. సరకులు తెచ్చి, పిండి కలిపి, మాంసము వండి, పొయ్యిలో పెట్టి కాల్తురు. తుదకు తిని చూచి, బాగుగనే యున్నది గాని ఇది అది కాదందురు.

ఆ రుచి యింట నేల రాదు? ఈ ప్రశ్న చిన్నది. కాని దీనిని పట్టుకొని వెనుకకు నడచినచో, బిడ్డ యాకలి తీర్చు బాధ్యత ఎవరిదని ఒక దేశము నూఱేండ్లకు పైగా చేసిన వాదమంతయు బయటపడును. అందుచేతనే వంటింటి సంగతియైనను దీనిని చరిత్రగా మీకు విన్నవించుచున్నాను.

ముందుగా ఆ వంటకమేమో తెలిసికొందము. దానిని వారు 'పై' అందురు. మనకు 'పై' యనగా మీద. వారికది తిండి పేరు. మన కజ్జికాయను తలచుకొనినచో దాని రూపము కొంత బోధపడును. కజ్జికాయలో పూర్ణము లోపల, పిండి పొర బయట నుండును. 'పై'లోను అంతియే. అయితే అందలి పూర్ణము తీపి కాదు. ఉప్పును మిరియాలును వేసి ఉడికించిన కైమా. దానిని నూనెలో వేచరు. ఓవెను అను మూసిన పొయ్యిలో కాల్తురు. ఒక్కొక్కటిగా చేయుటయు కలదు గాని, బడిలో చేసినది పెద్ద రేకుపళ్లెము నిండుగా చేసి ముక్కలుగా కోసినది. ఆ దేశమున కైమాకు ఆవు లేక ఎద్దు మాంసమును గాని గొఱ్ఱె మాంసమును గాని వాడుదురు. మన యిండ్ల ఆచారములు వేఱు. అక్కడి సంగతిని అక్కడిదిగనే వినవలెనని మనవి.

ఈ వంటకము ఆ దేశమున మిక్కిలి పాతది. మధ్యయుగములలో పిండితో గట్టి గోడలు కట్టి, అందు మాంసము నింపి కాల్చెడివారు. ఆ పిండి గోడకు 'కాఫిన్' అని పేరు. పెట్టె యని దాని యర్థము. నేడు ఆ పేరు శవపేటికకు మిగిలినది. ఆ పిండి పెట్టె తినుటకన్న లోపలి మాంసమును కాపాడుటకే యెక్కువగా పనికివచ్చెడిది. కాలక్రమమున పిండిలో కొవ్వు చేరెను. పొర పలుచనై మెత్తనై తినదగినదయ్యెను. పందొమ్మిదవ శతాబ్దమున యంత్రశాలలు వెలసిన పట్టణములలో కూలివారికిది మంచి యాధారమయ్యెను. కొంచెము మాంసము, కొన్ని బంగాళాదుంపలు, ఒక ఉల్లిపాయ, గుప్పెడు పిండి యున్నచో ఇంటిల్లిపాదికిని కడుపు నిండును. కారన్‌వాల్ ప్రాంతపు గని పనివారు ఇట్టిదే యొకటి మడిచి చేసికొని గనిలోనికి పట్టుకొని పోయెడివారు. పేదవాని యింటి యీ వంటకము బడి వంటకమెట్లయ్యెనో చూతము.

1870వ సంవత్సరమున ఇంగ్లండు పార్లమెంటు ప్రాథమిక విద్యా శాసనమును చేసెను. 1880లో అయిదు మొదలు పదియేండ్ల వఱకు గల ప్రతి బిడ్డయు బడికి రావలెనని నిర్బంధించిరి. 1891లో చాల బడులలో జీతము కూడ తీసివేయబడెను. బిడ్డలు వచ్చిరి. వారిని వరుసగా కూర్చుండబెట్టి చూచిన ఉపాధ్యాయులకు పుస్తకములలో లేని సంగతి యొకటి కంటబడెను. వారిలో పెక్కుమంది ఉదయమున ఏమియు తినక వచ్చినవారు. అక్షరములు దిద్దవలసిన తలలు బల్లమీద వాలుచుండెను. మాంచెస్టరు నగరమున 1879లోనే పేద బిడ్డలకు భోజనము పెట్టు ప్రయత్నము మొదలైనది. మఱికొన్ని నగరములలో ధర్మసంఘములు సూపును రొట్టెయు పంచుచుండెను. కాని ధర్మము దాతల దయను బట్టి నడచునది. చలికాలమున నుండును, వేసవిలో నుండదు. ఈ వీధిలో నుండును, ఆ వీధిలో నుండదు.

అప్పుడు వాదము పుట్టినది. బిడ్డకు కూడు పెట్టుట తల్లిదండ్రుల ధర్మమనియు, ప్రభుత్వమే పెట్టినచో తండ్రి తన బాధ్యతను మఱచి సోమరియగుననియు ఒక పక్షమువారు చెప్పిరి. బిడ్డను బడికి రమ్మని నిర్బంధించినది ప్రభుత్వమే గనుక, రమ్మన్నవారే కడుపు సంగతియు చూడవలెననియు, ఆకలిగొన్నవానికి పాఠము చెప్పుట ఇసుకలో నీరు పోయుటయే యనియు రెండవ పక్షమువారు చెప్పిరి. ఇట్టి మాటలు మన రచ్చబండల మీదను వినబడునవే. రెండింటను కొంత న్యాయము కలదు. అందుచేతనే ఆ వాదము ఏండ్ల తరబడి తెమలలేదు.

దానిని కదలించినది యుద్ధము. 1899 మొదలు 1902 వఱకు దక్షిణాఫ్రికాలో బోయరులతో జరిగిన పోరునకు సైన్యమున చేరవచ్చిన యువకులలో పెక్కురు దేహదార్ఢ్యము లేక తిరస్కరింపబడిరి. సామ్రాజ్యము నేలు జాతికి గట్టి సిపాయి దొరకకపోవుట పాలకులకు భయము గలిగించెను. ప్రజల దేహదౌర్బల్యమును గూర్చి విచారించిన ప్రభుత్వ సంఘము 1904లో తన నివేదికను సమర్పించుచు, బడిపిల్లల యాహారమును గూర్చియు శ్రద్ధ వహింపవలెనని చెప్పెను. బిడ్డ యాకలి చూచి కరగని మనసులు సైన్యపు కొరత చూచి కరగెను. కారణమేదైన నేమి, 1906లో బడిపిల్లల భోజన శాసనము వచ్చినది. స్థానిక విద్యాధికారులు ఆస్తిపన్ను విలువలో పౌనుకు అరపెన్నీ మించకుండ ఈ భోజనమునకు వెచ్చింపవచ్చును అని ఆ శాసనము పలికెను. ఆ క్రియాపదమును గమనింపుడు. వెచ్చింపవచ్చును అన్నది గాని వెచ్చింపవలెను అనలేదు. 'వచ్చును' అన్న శాసనమునుండి 'వలెను' అన్న శాసనమునకు చేరుటకు ఆ దేశమునకు ముప్పదియెనిమిది యేండ్లు పట్టినది.

ఈ దారిలో ముందు నడచినది యార్క్‌షైరులోని బ్రాడ్‌ఫర్డు నగరము. అది ఉన్ని మిల్లుల పట్టణము. అచ్చటి విద్యాసంఘ సభ్యురాలుగా నుండిన మార్గరెట్ మాక్‌మిలన్, అచ్చటినుండి పార్లమెంటుకు పోయిన ఫ్రెడ్ జోవెట్ మొదలగువారు పిల్లల యాకలిని గూర్చి చిరకాలము పోరాడినవారు. 1907లో ఆ నగరపు బడుల వైద్యుడు రాల్ఫ్ క్రౌలీ ఒక పరీక్ష చేసెను. నలువదిమంది పేద బిడ్డలను ఎన్నుకొని, ఏప్రిల్ మొదలు జూలై వఱకు వారికి బడి దినములలో ఉదయము ఓట్సు జావయు రొట్టెయు పాలును, మధ్యాహ్నము పూర్తి భోజనమును పెట్టించెను. వంటల పట్టీని సిద్ధపఱచినది గృహవిద్యలు నేర్పు బోధనకు పర్యవేక్షకురాలైన మారియన్ కఫ్. బిడ్డలను క్రమముగా త్రాసులో తూచిరి. ఈ భోజనము లేని తోడి బిడ్డలను కూడ కొందఱిని తూచిరి. తిన్నవారి బరువు తిననివారి బరువుకన్న త్వరగా పెరిగెను. నడుమ పండుగ సెలవులు వచ్చెను. బడి మూసిరి, భోజనము నిలిచెను, బిడ్డల బరువు తగ్గెను. బడి తెఱచిన పిదప మరల పెరిగెను. ఏండ్ల తరబడి మాటలు తేల్చని దానిని త్రాసు తేల్చి చూపినది.

ఆ నివేదికలో మఱియొక సంగతి కలదు. భోజనపు బల్లలపై శుభ్రమైన గుడ్డలు పఱచిరి, పూలు పెట్టిరి, పెద్ద బాలికలచేత వడ్డింపించిరి. ముఖ్యముగా బిడ్డల మాసిన బట్టలచే వారాంతమునకు గుడ్డలు మాసిపోయెడివని కూడ వ్రాసిరి. బిచ్చము వేసినట్లుగాక, ఇంటికి వచ్చిన చుట్టమునకు పెట్టినట్లు పెట్టవలెనన్న తలంపు ఈ యేర్పాటులలో కనబడుచున్నది. ఆ సంవత్సరముననే ఆ నగరము బడిపిల్లల కొఱకు పురపాలక వంటశాలను తెఱచెను.

1914లో వచ్చిన మఱియొక శాసనము అరపెన్నీ హద్దును తొలగించి, సెలవు దినములందును భోజనము పెట్టుటకు అనుమతించెను. అయినను 'వచ్చును' అన్నది 'వచ్చును'గనే నిలిచెను. పెట్టదలచిన ఊళ్లు పెట్టినవి, మానదలచినవి మానినవి. పైగా తినువారు బీదలని గుర్తింపబడినవారే. ఉన్నవారి బిడ్డ మధ్యాహ్నము ఇంటికి పోవును. లేనివారి బిడ్డ భోజనశాలకు పోవును. ఆ గడప దాటుట బిడ్డకును తల్లికిని తలవంపుగా నుండెను. కూడు దొరకినది గాని దానితోపాటు నొసట ఒక ముద్రయు పడినది.

ఆ ముద్రను చాలవఱకు చెఱిపినది రెండవ ప్రపంచయుద్ధము. 1940 జనవరిలో ఆహారపదార్థములకు రేషను మొదలయ్యెను. మార్చిలో మాంసమునకు కూడ వచ్చెను. మాంసమును తూనికను బట్టిగాక వెలను బట్టి పంచిరి. పెద్దవారికి వారమునకు మొదట ఒక షిల్లింగు పది పెన్నీల మాంసము. తరువాత అదియు తగ్గెను. తండ్రులు సైన్యమునకు, తల్లులు కర్మాగారములకు పోయిరి. మధ్యాహ్నము ఇంట పొయ్యి వెలిగించువారు లేరు. కావున ఉన్నవారి బిడ్డకును లేనివారి బిడ్డకును బడిలోనే భోజనము కావలసివచ్చెను. నాటి యాహార మంత్రి వుల్టన్ ప్రభువు దీనిని విశేషముగా ప్రోత్సహించెను. 1941లో బడి భోజనమునకు ప్రమాణము నిర్ణయించిరి. ఒక్క భోజనమున సుమారు వేయి కాలరీల శక్తి యుండవలెననియు, మాంసకృత్తులును కొవ్వును తగు పాళ్లలో నుండవలెననియు నియమించిరి. బడిలో తిన్నదానికి బిడ్డ తన రేషను చీటీ నీయనక్కరలేదు. ఇంటి వాటా యింట నుండును, బడి వాటా వేఱుగా వచ్చును. 1940లో దినమునకు సుమారు 1,30,000 బడి భోజనములు పెట్టుచుండగా, 1945 నాటికి ఆ సంఖ్య సుమారు 16,00,000 అయ్యెను. బట్లరు మంత్రి నడపిన 1944 విద్యా శాసనము ప్రతి స్థానిక విద్యాధికారియు పిల్లలకు భోజనమును పాలను ఏర్పాటు చేయవలెను అని విధించెను. 'వలెను' అను మాట అప్పటికి వచ్చినది.

ఇక మన వంటకమును చూతము. ఎన్నో వంటలుండగా బడి వంటశాలలు 'పై'ని ఏల ఆదరించినవి? మాంసము తక్కువ, తినువారు వందలు. ముక్కలుగా వడ్డించినచో ఒకనికి మంచి ముక్కయు, ఒకనికి ఎముకయు పడును. కైమా చేసి, ఉల్లిపాయలతో నెమ్మదిగా ఉడికించి, పిండి కలిపి రసము చిక్కబఱచినచో కొంచెము మాంసము పెక్కుమందికి అందును. ముదిరిన పశువు మాంసమైనను మెత్తబడును. పెద్ద దీర్ఘచతురస్రపు రేకుపళ్లెమున క్రింద నొక పొర, నడుమ పూర్ణము, మీద నొక పొర పఱచి కాల్చి, నిలువుగను అడ్డముగను కత్తితో గీసినచో ముక్కలన్నియు సమానము. వైద్యుని కుమారునికిని కూలివాని కుమారునికిని ఒకటే కొలత. అంచు ముక్క వచ్చినవానికి కరకరలాడు పెచ్చు కొంచెము హెచ్చుగా దొరకును, అంతియే భేదము. ఆ అంచు ముక్కకై పిల్లలు వరుసలో ముందువెనుకలు చూచుకొనెడివారు.

మఱియొక కారణము కూడ కలదు. అన్ని బడులలో వంటశాలలు లేవు. చాల చోట్ల ఒక కేంద్ర వంటశాలలో వండి, వేడి పోని మూతపాత్రలలో నింపి, మోటారు బండ్లమీద బడులకు చేర్చెడివారు. అంతసేపు మూతలో నుండినచో వేచిన పదార్థము మెత్తబడి రుచి చెడును, రొట్టె గట్టిపడును. 'పై' యట్లుకాదు. మీది పొర మూతయై లోపలి వేడిని నిలుపును. లోపలి రసము క్రింది పొరలోనికి మెల్లగా ఇంకును. పాత్ర తెఱచునప్పటికి మీది పొర కొంచెము చెమ్మగిలి, క్రింది పొర రసము పీల్చి, నడుమ పూర్ణము ముద్దగట్టి యుండును. దానిప్రక్కన మెదిపిన బంగాళాదుంపలు, ఉడికించిన క్యాబేజీ లేక క్యారెట్లు, మీద గోధుమరంగు చిక్కని రసము. దాని తరువాత కస్టర్డు పోసిన తీపి పుడ్డింగు. ఇదియే నాటి బడి భోజనము.

ఆ భోజనమంతయు అమృతమనుట న్యాయము కాదు. క్యాబేజీ అతిగా ఉడికి దాని వాసన బడి నడవలన్నిట నిండెడిది. మెదిపిన దుంపలలో ఉండలు మిగిలెడివి. పళ్లెము ఖాళీ చేసిననే గాని లేవరాదని కొందఱు ఉపాధ్యాయులు నిర్బంధించెడివారు. ఉచితముగా తిను బిడ్డలకు వేఱు చీటీలిచ్చి, పాత తలవంపును మరల తెచ్చిన బడులును కలవు. తిట్టుకొనుచు తిన్నవారును, తినలేక ఏడ్చినవారును ఆ తరమున నున్నారు. అయినను ఆ తిట్టుకొన్నవారే నేడు ఆ 'పై'ని తలచుకొనుచున్నారు. జ్ఞాపకమునకు ఇట్టి విచిత్ర స్వభావము కలదు.

ఇంట దానిని ఎట్లు చేయుదురో చెప్పెదను. ఆరుగురికి చాలునట్లు 450 గ్రాముల కైమా, రెండు పెద్ద ఉల్లిపాయలు తీసికొందురు. ఉల్లిపాయలను కైమాను సన్నసెగ మీద వేచి, ఒక పెద్ద చెంచా గోధుమపిండి చల్లి, సుమారు 300 మిల్లీలీటర్ల మాంసపు రసము పోసి, ఉప్పు, తెల్ల మిరియాలపొడి వేసి, మూతపెట్టి గంటన్నరసేపు ఉడికింతురు. వెల్లుల్లి లేదు, మసాలా లేదు, సువాసన గల ఆకులును లేవు. అవి వేసినచో రుచి హెచ్చును గాని బడి రుచి పోవును. పూర్ణము పూర్తిగా చల్లాఱవలెను. వేడిగా పోసినచో పిండి పొర కరగి సాగిపోవును. పొరకు 350 గ్రాముల మైదాపిండియు, అందులో సగము తూకము, అనగా 175 గ్రాముల కొవ్వును వలయును. ఆ కొవ్వులో సగము పందికొవ్వు, సగము మార్గరీను. చల్లని కొవ్వును పిండిలో వ్రేళ్లకొనలతో నలిపి రవ్వవలె చేసి, చన్నీరు చిలుకరించి ముద్ద చేయుదురు. మన పూరీపిండి వలె మర్దింపరాదు. మర్దించినచో పొర సాగి తోలువలె నగును. అరగంట చల్లని చోట నుంచి, ఒత్తి, పళ్లెమున పఱచి, పూర్ణము నింపి, మీద మూసి, ఆవిరి పోవుటకు రెండు గాట్లు పెట్టి, 200 డిగ్రీల వేడిలో సుమారు నలువది నిమిషములు కాల్తురు.

ఇంతవఱకు చేసిన పిదపను రుచి కలియదు. కారణములు వెదకినచో కొన్ని దొరకును. నేటి కైమాలో కొవ్వు తక్కువ, అది లేత పశువుది, త్వరగా ఉడుకును. నాటిది ముదురు మాంసము, పెద్ద గంగాళములో గంటలకొలది ఉడికినది. నాటి పిండియు వేఱు. యుద్ధకాలమున ఓడలలో చోటు మిగుల్చుటకై 1942 నుండి గోధుమలో నూటికి 85 పాళ్లు పిండిగా ఆడించిరి. తవుడు కొంత చేరిన ఆ మొరటు పిండియే యుద్ధానంతరము కూడ కొన్నియేండ్లు నడచినది. వెన్నకును కొవ్వులకును రేషనుండుటచే వంటవారు మంచి పాళ్లు వేయలేకపోయిరి. మాంసపు రేషను 1954 జూలై 4 వఱకును ఎత్తివేయబడలేదు. ఇంటి చిన్న పళ్లెమున అంచులెక్కువ, నడిమి భాగము తక్కువ. ఓవెనునుండి తీసిన వెంటనే తిన్నచో పొర కరకరలాడును. బడిలో అది మూతపాత్రలో మగ్గినది. ఈ సంగతి తెలిసిన కొందఱు, కాల్చిన 'పై'ని మూతపెట్టి గుడ్డకప్పి అరగంట యుంచి అటుపిమ్మట తిందురు. అప్పుడది కొంచెము దగ్గరపడుననవచ్చును.

అయినను మిగిలిన దూరము వంటపట్టీతో తీరునది కాదు. ఆ 'పై'ని వండినది ఒక తల్లి గాదు, ఒక శాసనము. పన్ను కట్టినవారి పెన్నీలును, కేంద్ర వంటశాలలో తెల్లవారుజామున లేచి పిండి ఒత్తిన స్త్రీల చేతులును, నిర్ణయించిన కొలతయు, వరుసలో ముందువాని భుజమును తోయుచు నిలిచిన తోడి పిల్లల ఆకలియు అందు కలిసియున్నవి. నీవు ఎవరి బిడ్డవని అడుగక, ఊరందఱితోపాటు నీకును ఒక ముక్క యని పెట్టిన పళ్లెమది. తాము వెదకుచున్నది దానినని వారిలో చాలమంది ఎఱుగరు. నాలుక మాత్రము ఎఱుగును.

ఆ యేర్పాటు శాశ్వతముగా నిలువలేదు. 1980లో వచ్చిన విద్యా శాసనము ఆహార ప్రమాణములను తొలగించెను. ఉచిత భోజనమునకు అర్హులైన బిడ్డలకు దక్క మిగిలినవారికి పెట్టవలెనన్న విధియు పోయెను. 'వలెను' మరల 'వచ్చును' అయ్యెను. అనేక చోట్ల వంటశాలలు మూతపడెను. తక్కువ వెలకు ఒప్పుకొన్న గుత్తదారులు యంత్రమున నలిగిన మాంసపు ముక్కలను వేచి అమ్మసాగిరి. 2001లో ఇంగ్లండున ప్రమాణములను మరల పెట్టిరి. 2005లో జేమీ ఆలివర్ అను వంటగాడు టెలివిజనులో బడి భోజనపు దుఃస్థితిని దేశమునకు చూపగా, 2006లో ఇంకను గట్టి నియమములు వచ్చెను. 2014 సెప్టెంబరు నుండి ఇంగ్లండు ప్రభుత్వ బడులలో మొదటి మూడు తరగతుల బిడ్డలందఱికిని ఉచిత భోజనము పెట్టుచున్నారు. ఒకసారి తెగిన నూలును ముడివేయుటకు ఆ దేశమునకు ముప్పది యేండ్లు దాటినది.

1906లో తన బిడ్డలకు భోజన శాసనము చేసికొన్న ఆ ప్రభుత్వమే నాడు మన దేశమునేలుచుండెను. ఇచ్చటి బిడ్డల విషయమున అది యేమి చేసెనని మీకు సందేహము కలుగవచ్చును. దానికి చెన్నపట్టణము సమాధానము చెప్పును. 1920 సెప్టెంబరు 16వ తేదీన, తెలుగు కుటుంబమున పుట్టిన పిట్టి త్యాగరాయ చెట్టిగారు అధ్యక్షులుగా నున్న చెన్నపట్టణ పురపాలక సంఘము, థౌజండ్ లైట్స్ బడిలోని పిల్లలకు మధ్యాహ్న భోజనము పెట్టుటకు తీర్మానించెను. ఒక్కొక్క బిడ్డకు దినమునకు అణా మించరాదని హద్దు. తరువాత మఱి నాలుగు బడులకు దీనిని విస్తరించిరి. ఆ అయిదు బడులలో 1922-23లో 811 మంది పిల్లలుండగా, 1924-25లో 1,671 మంది యయిరి. బ్రాడ్‌ఫర్డులో త్రాసు చెప్పిన సాక్ష్యమును ఇచ్చట హాజరుపట్టీ చెప్పెను. అయినను ప్రాథమిక విద్యా నిధినుండి భోజనమునకు ఖర్చు చేయకూడదని ప్రభుత్వము ఆక్షేపించుటచే 1925 ఏప్రిల్ 1న అది నిలిచిపోయెను. తమ యింట 'వచ్చును' అన్నవారు మన యింట 'కూడదు' అనిరి. 1927లో పురపాలక సంఘము దానిని కొద్దిపాటిగా, వేయిమంది పేద పిల్లలకు మాత్రము, మరల మొదలుపెట్టెను.

తరువాతి కథ మీరెఱిగినదే. 1956లో కామరాజు నాడారు ముఖ్యమంత్రిగా నుండగా మద్రాసు రాష్ట్రమంతట బడి భోజనము వచ్చెను. 1982లో ఎం. జి. రామచంద్రన్ తమిళనాట దానిని మఱింత విస్తరించెను. 2001 నవంబరు 28న సుప్రీముకోర్టు ప్రభుత్వ బడులలో వండిన భోజనము పెట్టవలెను అని ఆజ్ఞాపించెను. 2003 జనవరిలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున అది అమలయ్యెను. 2013 ఆహార భద్రతా చట్టము దానిని బిడ్డల హక్కుగా చేసెను. గోదావరి లంకలలో వచ్చిన యతిథికెల్ల అన్నము పెట్టి 1909లో కన్నుమూసిన డొక్కా సీతమ్మగారి పేరు 2024లో ఆంధ్రప్రదేశపు బడి భోజనమునకు పెట్టబడినది. సీతమ్మగారు పెట్టినది తన మనసు చెప్పగా. బడి పెట్టునది చట్టము చెప్పగా. రెండింటను పళ్లెము ముందు కూర్చుండు బిడ్డ యొక్కడే.

చట్టములో 'వలెను' అని వ్రాసినంతమాత్రమున అన్నము మెత్తగా ఉడుకదని ఇంగ్లండు కథయు మన కథయు చెప్పుచున్నవి. చూచువారు లేనిచోట కొలత తగ్గును, పప్పు నీళ్లగును, తుదకు 'వలెను' మాట కూడ అరిగిపోవును. మీరు ఊరి పెద్దలు. బడి గడప మీకు క్రొత్త కాదు. మధ్యాహ్నపు గంట కొట్టినపుడు ఒకనాడు అటు వెళ్లి, పిల్లల బంతిలో కూర్చుండి ఒక ముద్ద తిని చూడుడు. ఈ బిడ్డలు అరువదియేండ్ల పిదప ఏ రుచిని తలచుకొని ఇంట వండబోవుదురో, అది నేడు ఆ గంగాళములో ఉడుకుచున్నది.